కంఠాళికి వన్స్ మోర్!

అసుర సంధ్య!

పగలు చచ్చి, రాత్రి ఇంకా పుట్టని వేళ... ఏ దేవతా కాపలా కాయని వేళ! ఆశ్వయుజ బహుళ చతుర్దశి నాటి సూర్యుణ్ణి పొద్దు గుంకకముందే కారుమబ్బులు మింగేశాయి. విజయనగరం కోటకు పడమరగా, జమీందారుల కాలంలో కట్టిన భారతీ నాటకశాల మీద ఫెళఫెళారావంతో ఉరుము ఉరిమింది! పెంకుల కప్పు కింద, టేకు దూలం మీద నిశ్చలంగా కూర్చున్న గుడ్లగూబ మెల్లగా తల తిప్పింది... ఖాళీ కుర్చీల వరసల వైపు చూసింది... గూ... అని కూసింది.

ఆ కూత వినవలసినవాళ్ళు వినలేదు. వాళ్ళంతా గేటు బయట మిరపకాయ బజ్జీల బండి చుట్టూ మూగి ఉన్నారు. కడుపులో బజ్జీ పడకపోతే మనవాళ్ళకి చెవిలో పద్యం పడదు మరి!

రెండు వేల పదమూడో సంవత్సరం అది. చేతికో సెల్‌ఫోను, ఇంటికో టీవీ ఉన్న రోజుల్లో పద్యనాటకం ఎవడు చూస్తాడని అడుగుతారేమో. అడగండి! ఈ జిల్లాల్లో పుట్టనివాళ్ళే అడుగుతారు ఆ మాట. గోడ మీద వాన తడికి ముడతలు పడిన పోస్టరు... 'కపాల కన్యక! మహాద్భుత మాయాజాల పద్యనాటకం! మాంత్రికుడిగా నటభైరవ చినబాబు!' ఆ పోస్టరు చూసి గరివిడి నుంచి, చీపురుపల్లి నుంచి, ఎక్కడి నుంచో జనం వానలో తడుస్తూ వచ్చేశారు.

అలా వచ్చినవాళ్ళలోనే ఉన్నారు దాలయ్య, దానమ్మ. శ్రీకాకుళానికి అవతల సముద్రపు ఒడ్డున వాళ్ళ పల్లె. ముసురు పట్టి పడవలన్నీ ఒడ్డెక్కాయి. ఖాళీగా కూర్చున్న మొగుణ్ణి పట్టుకుని, "నాటకానికి తీసుకెల్తావా సస్తావా" అని ప్రాణం తీసింది దానమ్మ. ఆమదాలవలసలో రైలెక్కి మధ్యాహ్నానికే దిగిపోయారు.

దానమ్మ గొంతు గురించి చెప్పాలి. తలమీద గంప పెట్టుకుని ఆమె శ్రీకాకుళం వీధుల్లో చేపలు అమ్ముతుంది. "వంజరాలమ్మో...!" అని ఒక్క కేక వేస్తే, పక్క వీధిలో పిల్లులు కూడా లేచి కూర్చుంటాయి! ఆ గొంతు మీదే ఆ కాపురం నడుస్తోంది. దాలయ్య ఆ పిల్లని చేసుకున్నదీ ఆ గొంతు విని మనసు పడే. ఆ సంగతి పల్లెలో ఎవర్ని అడిగినా నవ్వుతూ చెబుతారు.

అదే సమయంలో... తెర వెనుక...!

దీపం లేని వేషాల గదిలో నటభైరవ చినబాబు అద్దం ముందు కూర్చుని ఉన్నాడు. బిరుదు అంత పెద్దది గానీ మనిషి మాత్రం చినబాబే. విభూతి పూతల కింద ముడతలు... కాటుక రేఖల నడుమ నిప్పుల్లాంటి కళ్ళు... అతని ఒళ్ళో ఎర్ర పట్టుగుడ్డలో చుట్టిన ఒక కపాలం! చూసేవాళ్ళు అది కాగితం గుజ్జుతో చేసిన బొమ్మ అనుకుంటారు. కాదు! అది ఒకనాటి నాయిక తాయారు శిరస్సు! అతని పెళ్ళాం శిరస్సు!

తాయారు రంగస్థలం మీద నోరు విప్పితే ప్రేక్షకులు వెర్రెత్తిపోయేవారు. మాంత్రికుడి వేషంలో చినబాబు పాడితే దగ్గేవారు. ఆ అసూయాగ్నిలో కాలి, కుమిలి, ఆ దుర్మార్గుడు ఒక క్షుద్రదేవతను ఉపాసించాడు. కంఠాళి! గళాలను భక్షించే కరాళ రూపిణి! నాగావళి ఇసుకతిన్నెల్లో పెళ్ళాం మెడ కోసి, ఆమె గొంతును తన గొంతులోకి తెచ్చుకున్నాడు. తాయారు ఆత్మను ఆ పుర్రెలో బంధించాడు. ఆ దొంగ గొంతుతోనే ఇన్నేళ్ళూ బిరుదులు సంపాదించాడు. ఇప్పుడు అదీ అరిగిపోయింది. కంఠాళికి మరో గొంతు కావాలి... ఈ రాత్రే కావాలి!

"కంఠాళీ!" అని బొంగురు గొంతుతో గొణిగాడు. "జనం నడుమ నుంచే నీకు ఆహుతి అందిస్తాను. వాళ్ళే పిలిచి మరీ ఇస్తారు!"

మూడో గంట మోగింది. తెర లేచింది.

దానమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. పాతాళ గుహ తెర... సాంబ్రాణి పొగ... ఆకుపచ్చని వెలుగు... తీగ మీద వేలాడుతూ గాలిలో తేలిపోతున్న రాజకుమారి! పక్క కుర్చీలో గరివిడి ఫ్యాక్టరీ ఫోర్‌మన్ విక్టర్ కూర్చుని ఉన్నాడు. ఆదివారం బాప్టిస్టు చర్చిలో కీర్తనలు, తక్కిన రోజుల్లో నాటక పద్యాలు, రెండింటికీ అతని ఇంట్లో ఒకటే హార్మోనియం. వచ్చిన కాసేపట్లోనే దానమ్మని చెల్లెమ్మా అని, దాలయ్యని అన్నా అని కలిపేసుకున్నాడు.

ఇంతలో భయంకరమైన మెరుపు! పొగలోంచి చినబాబు ప్రవేశించాడు. నల్లని అంగీ, మెడలో ఎముకల దండ, చేతిలో కపాలం. ఎత్తుకున్నాడు పద్యం...

రమ్ము కంఠాళి! రక్తాక్షి! రమ్ము రమ్ము!
గొంతు లర్పించు జనమిదె కోరి పిలిచె
ఒక్క పిలుపున కొక గళ మొప్పగింతు
మరల పిలిచిన మరియొక్క మనుజబలిని!

పై స్థాయికి వెళ్ళేసరికి గొంతు జీరబోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. చప్పట్లు లేవు. చినబాబు కపాలాన్ని పైకెత్తి అలాగే నిలబడిపోయాడు. చెమట ధారలు కడుతోంది. అతని కళ్ళు వరస వరసా వెతుకుతున్నాయి.

మన దగ్గర ఒక ఆచారం ఉంది. పద్యం నచ్చితే 'వన్స్ మోర్' అని అరవడం ప్రేక్షకుడి జన్మహక్కు. అరిస్తే మళ్ళీ పాడటం నటుడి ధర్మం. యుద్ధంలో చచ్చిపడ్డ పాత్రయినా సరే, లేచి దుమ్ము దులుపుకుని రాగం అందుకోవాల్సిందే! ఆ మాట ఒక మెచ్చుకోలు అని అందరూ అనుకుంటారు. ఆ హాలులో ఒక్కడికే అది ఆవాహన మంత్రం. ఆ రాత్రికి ఏ నోరు ముందు ఆ మాట అంటే, ఆ ఒక్క గొంతూ కంఠాళి చేతుల మీదుగా అతనికి!

"ఒసే, ముసిలోడు పాపం ఎదురుసూత్తన్నాడే" అన్నాడు దాలయ్య, పెళ్ళాం భుజం పొడుస్తూ. "ఒక్క కేకెయ్యి."

"సిగ్గు మావా... పెద్దోళ్ళున్నారు."

"పెద్దోళ్ళు నీ సేపలు తినరేటి? నీ గొంతు ముందు ఈ హాలెంత! ఎయ్యెహె!"

దానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత కొంగు తీసేసింది. గుండె నిండా గాలి పీల్చుకుని... "వన్స్... మోర్!" అని ఒక్క కేక వేసింది!

పెళ్ళున పిడుగు! దీపాలన్నీ ఒక్కసారి ఆరి వెలిగాయి. గుడ్లగూబ రెక్కలు టపటపలాడించింది. రంగస్థలం మీద కపాలపు దవడ... కదిలింది! చినబాబు మళ్ళీ పాడాడు. ఏం గొంతది! శంఖంలా, సముద్రపు హోరులా హాలంతా నిండిపోయింది! జనం లేచి నిలబడి ఈలలు వేశారు. దాలయ్య అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాడు. పక్కన దానమ్మ రెండు చేతులతో మెడ పట్టుకుని, నోరు తెరిచి, శబ్దం రాక గిలగిల్లాడటం అతను చూడలేదు.

విశ్రాంతి ఇచ్చారు. దాలయ్య రెండు టీలు పట్టుకొచ్చాడు. దానమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది, పల్లెలో ఎవరూ కూర్చోనంత నిటారుగా.

"దానమ్మా, టీ తల్లీ. బేగి తాగు, సల్లారిపోతాది."

ఆమె తల తిప్పింది. "చాలు. అక్కడ ఉంచు" అంది.

దాలయ్య చేతిలో టీ తొణికి కాలి మీద పడింది. కాలింది. ఆ కాలడం అతనికి తెలియలేదు. చాలు... అంది! ఉంచు... అంది! పుట్టిన దగ్గర్నుంచీ దానమ్మ నోట 'చ' పలికిన పాపాన పోలేదు. సేప, సింత, సెప్పు, సూడు... అంతే! చినప్పుడు బళ్ళో పంతులు బెత్తం విరగ్గొట్టినా ఆ నాలుకకి 'చ' తిరగలేదు!

"ఎవులే నువ్వు?" అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "నా పెళ్ళాం ఏదీ?"

"భయపడకు." ఆ కంఠం చల్లగా, మడత పెట్టిన పట్టుచీరలా ఉంది. "నా పేరు తాయారు. అతని చేతిలో ఉన్న కపాలం నాది. నీ భార్య గొంతును అతడు తీసుకున్నాడు. గొంతు వెళ్ళిన వెంట ప్రాణమూ వెళ్ళింది. కపాలం దవడ కదిలిన క్షణాన, ఖాళీ అయిన ఈ శరీరంలోకి నేను వచ్చిపడ్డాను. కానీ నా కట్టు ఇంకా ఆ కపాలానికే ఉంది."

దాలయ్య కుర్చీ ముందు నేల మీద కూలబడ్డాడు. ఆమె చేతులు పట్టుకున్నాడు. చేపల వాసన ఇంకా ఉన్న చేతులే అవి! చిటికెన వేలికి పొలుసు గీసుకున్న మచ్చ ఉన్న చేతులే!

"అమ్మా... తల్లీ... నాను దండమెడతాను. ఏటి సెయ్యాలో సెప్పు. నానే ఎయ్యమన్నాను కేక. దానికేటీ తెలీదు. దాన్ని నాకు ఇప్పించు."

"విను. నాటకం చివర అతడు అదే పద్యం మళ్ళీ పాడతాడు. ఒక్కసారే పాడతాడు. వెంటనే తెర దించుతారు. తెర పడితే కంఠాళి వాకిలి మూసుకుంటుంది, ఆ గొంతు అతనికి శాశ్వతమైపోతుంది. కానీ తెర పడకముందు జనం వన్స్ మోర్ అంటే... అతడు పాడి తీరాలి. వద్దన్నా అతని నోరే పాడుతుంది. పాడితే కంఠాళి మరొక గొంతు అడుగుతుంది. మాట ఇచ్చినవాడు అతడు. ఒక రాత్రికి జనంలోంచి ఒక్క గొంతే అతనికి చిక్కుతుంది, ఇవ్వడానికి వేరే గొంతు ఉండదు. తన కంఠమే ఇవ్వాలి! భస్మమైపోతాడు! నేను విడుదలవుతాను!"

"మరి నా దానమ్మ..."

గంట మోగింది. ఆమె ముఖం తిప్పుకుని రంగస్థలం వైపు చూసింది. "ఆట మొదలవుతోంది. వెళ్ళు" అంది.

తాయారుకు తెలుసు. చెప్పలేదు. ఏళ్ళ తరబడి ఎముకలో మగ్గినదానికి పరాయి ఆడదాని బాధ ఎక్కడ పడుతుంది!

దాలయ్యకి ఆలోచించే వ్యవధి లేదు. విక్టర్ చెయ్యి పట్టుకున్నాడు. "బాబూ, నీకు పున్నెముంటాది. ఆకర్ని ఆ ముసిలోడు పద్యం పాడతాడు. వన్స్ మోర్ కొట్టించాల. ఒక్కడు కాదు, హాలంతా కొట్టాల."

"అదేటి అన్నా, సెప్పాలేటి!" విక్టర్ మురిసిపోయాడు. "ఇందాకటి గొంతు ఇన్నావా? అబ్బబ్బ! నానూ మావోళ్ళూ కప్పు ఎగరగొట్టేత్తాం సూడు!"

చీకటి దృశ్యం వచ్చినప్పుడు దాలయ్య గోడ వెంబడి పాకి రంగస్థలం పక్కకు చేరాడు. తెర తాడు లాగే ముసలాయన స్తంభానికి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. తాడు కొక్కేనికి చుట్టి ఉంది. పడవను లంగరుకు కట్టే ముడి వేశాడు దాలయ్య. లాగేకొద్దీ బిగుసుకునే ముడి! తుపానులో కూడా జారని ముడి! పడవ మీదయినా దాన్ని కత్తితో కొయ్యడమే, ఎవడూ విప్పడు. బలంగా రెండుసార్లు గుంజి చూసుకున్నాడు. ఊరి అమ్మవారు పైడితల్లికి దండం పెట్టుకున్నాడు.

అంతిమ ఘట్టం! హోమగుండంలో ఎర్రకాగితాల మంటలు... మంత్రదండం తిప్పుతూ వికటాట్టహాసం... పైన నిజం ఉరుములు, కింద రేకుల ఉరుములు! చినబాబు కపాలాన్ని గుండెకు హత్తుకుని పద్యం ఎత్తుకున్నాడు. రమ్ము కంఠాళి... రక్తాక్షి...! దానమ్మ గొంతులోని సముద్రం మొత్తం ఆ పద్యంలో పొంగింది. ఆఖరి పాదం ముగించి, చెయ్యి పైకెత్తి సైగ చేశాడు... తెర!

తెర దిగలేదు.

ముసలాయన తాడు గుంజుతున్నాడు. ముడి మరింత బిగుసుకుంటోంది. చినబాబు పక్కకు తిరిగి కళ్ళెర్రజేశాడు. సరిగ్గా అప్పుడు... విక్టర్ లేచి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"వన్స్ మోర్!"

హాలంతా అందుకుంది. వన్స్ మోర్! వన్స్ మోర్! బాల్కనీ ఊగిపోయింది. చినబాబు మంత్రదండం వదిలేసి, కపాలాన్ని చంకలో ఇరికించుకున్నాడు. రెండు చేతులతో నోరు నొక్కుకున్నాడు. ఆ చేతులను ఏదో విరిచి పక్కకు లాగింది! పెదవులు వాటంతట అవే విడిపోయాయి... రమ్ము... కంఠాళి...!

"వద్దూ! తెర దించండ్రా! తెర...!" పాదానికీ పాదానికీ మధ్య కుక్కలా అరిచాడు. జనం ఆ అరుపుకి కూడా చప్పట్లు కొట్టారు.

పద్యం పూర్తయింది. హోమగుండంలో కాగితపు మంట నిజం మంట అయింది! నల్లని పొగ సుడులు తిరిగి లేచి... స్త్రీ ఆకారం! జుట్టు విరబోసుకున్న, మెడ మీద వెయ్యి నోళ్ళున్న ఆకారం! కపాలం పగిలి ముక్కలైంది. సన్నని తెల్లని గాలి ఒకటి కుర్చీలోని దానమ్మ నోట్లోంచి లేచి, కప్పు పెంకుల సందులోంచి పోయింది. తాయారు వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు!

కంఠాళి చెయ్యి చాచి చినబాబు మెడ అందుకుంది. అతను కేక పెట్టాడు.

ఆ కేక ఆడగొంతు!

"మావా! ఒద్దు మావా! నానే... ఈడి పీకలోన ఉన్నాను మావా! సంపేత్తన్నాది! ఒద్దని సెప్పు మావా!"

దాలయ్యకి అప్పుడు తెలిసింది. ఓలమ్మో! వాడిప్పుడు ఇచ్చే గొంతు... వాడిది కాదు! వాడి దగ్గర వాడి గొంతు ఏనాడుంది? వాడి కంఠంలో ఉన్నది దానమ్మే! తన పెళ్ళాన్ని తన చేత్తోనే కంఠాళి నోటికి అందించాడు!

"ఒద్దు! ఆపండ్రా! అది నాటకం కాదురా! నా పెళ్ళాంరా!" ప్రాణాలన్నీ గొంతులోకి తెచ్చుకుని అరిచాడు. పక్కవాడికి కూడా వినబడలేదు. ఎందుకంటే జనం అప్పటికే పిచ్చెత్తిపోయి ఉన్నారు. ముసలి నటుడు ఆడగొంతుతో, అదీ తమ యాసలో, అంత కరుణరసం పలికించడం వాళ్ళ జన్మలో చూడలేదు! కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ అరుస్తున్నారు... వన్స్ మోర్! వన్స్ మోర్!

పిలుపు పిలుపే. పిలిస్తే పాడాలి.

"మావా! ఒద్దు మావా! నానే..." ఆ కేక మళ్ళీ వచ్చింది. అదే బాధతో, అక్షరం పొల్లుపోకుండా!

దాలయ్య తెర తాడు మీద పడ్డాడు. తెర దిగితే చాలు! వాకిలి మూసుకుంటే చాలు! "ఆడి పీకలోనన్నా ఉండనీ దేవుడా... ఎక్కడో ఒక కాడ బతికుండనీ..." గోళ్ళతో ముడి పీకాడు. పళ్ళతో కొరికాడు. కత్తి కోసం మొల తడుముకున్నాడు. ఊరికి వెళ్తూ కత్తి ఎందుకని పడవలోనే వదిలేసి వచ్చాడు. ముసలాయన అతణ్ణి పక్కకు నెడుతూ బూతులు తిడుతున్నాడు. రంగస్థలం మీద ఆ కేక మరోసారి, ఇంకోసారి, ప్రతిసారీ కొంచెం సన్నగా... వినబడి... వినబడి... ఆగిపోయింది.

భగ్గున ఒక నీలిమంట! నటభైరవుడు నిలబడ్డ చోట నల్లని అంగీ, ఎముకల దండ, గుప్పెడు బూడిద మిగిలాయి. ఎందరివో గొంతులు కోయాలని బయల్దేరినవాణ్ణి, వాడు పిలిచిన దేవతే వాడు నమ్ముకున్న జనం కేకల మధ్య నమిలేసింది. ఆ క్షణాన గాలి విసురుకి దీపాలన్నీ ఆరిపోయాయి.

లైట్లు వచ్చేసరికి హాలు హాలంతా లేచి నిలబడి ఉంది. మనిషి మాయమైపోయిన ఆ తంత్రానికి చప్పట్లు ఆగడం లేదు. చినబాబు వస్తాడని, వచ్చి దండం పెడతాడని కాసేపు చూశారు. రాకపోయేసరికి, పెద్ద నటులకి ఆ మాత్రం బెట్టు ఉంటుందిలే అనుకుని గొడుగులు వెతుక్కున్నారు.

దాలయ్య పడుతూ లేస్తూ కుర్చీల దగ్గరికి వచ్చాడు. నోటినిండా తాడు పీచు, వేళ్ళ నిండా నెత్తురు. దానమ్మ కూర్చునే ఉంది. ఊపిరి ఆడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. భుజం పట్టుకుని కుదిపాడు. "దానమ్మా. ఒసే దానమ్మా. నానే." ఎటు కుదిపితే అటు ఊగింది. మొహం మీద ఈగ వాలితే రెప్ప వెయ్యలేదు. తాయారు లేదు. దానమ్మ లేదు. ఆ ఒంట్లో ఎవ్వరూ లేరు.

విక్టర్ గొడుగు విప్పుకుంటూ వచ్చాడు. అరిచి అరిచి అతని గొంతు కూడా బొంగురు పోయింది. మొహం వెలిగిపోతోంది.

"అన్నా, నువ్వు సెప్పబట్టి కొట్టించాను! జన్మలో మరిసిపోలేను ఈ నాటకం!" దానమ్మ వైపు వంగాడు. "ఏటి సెల్లెమ్మా, ఎలాగున్నాది?"

ఆమె చూస్తూ ఉండిపోయింది. విక్టర్ పకపకా నవ్వాడు.

"సూసినావా అన్నా? పాపం, మాట రాటం లేదు!"

"అవును బాబూ" అన్నాడు దాలయ్య.